తల్లి నెత్తురు, బిడ్డ మెదడు: బొంబాయి మిల్లుల నుంచి భివండి సాంచాల దాకా

భివండి మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, కామవారి నది ఒడ్డున పెరిగిన పాత రేవు పట్టణం. 1857 తిరుగుబాటు అణగిన తర్వాత ఉత్తరాది నుంచి తరలివచ్చిన మోమిన్ నేతగాళ్లు అక్కడ చేతిమగ్గాలు పెట్టుకున్నారు. 1930లలో కరెంటు మగ్గాలు వచ్చాయి. బొంబాయి మిల్లులు పాతబడ్డాయని వదిలించుకున్న మగ్గాలను కొని, రేకుల షెడ్లలో బిగించి నడపడంతో ఆ ఊరి పరిశ్రమ నిలదొక్కుకుంది. తెలంగాణ పద్మశాలీలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాలుగా అక్కడికి బతుకుదెరువుకు వెళ్తున్నారు. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. వాళ్లు ఎక్కువగా ఉండే పేట పద్మానగర్. భివండిలో పని నేర్చినవాళ్లే తర్వాత సిరిసిల్లలోనూ సాంచాలు వేశారు. 2011 జనగణన నాటికి భివండి జనాభా 7,09,665.

ఈ ఊరి చరిత్ర రాసినవాళ్లు బట్ట ధర గురించి, కూలి రేటు గురించి, 1970, 1984 మతకల్లోలాల గురించి రాశారు. షెడ్ల పక్క గదుల్లో నెలలు మోసిన ఆడవాళ్ల సంగతి ఆసుపత్రి రిజిస్టర్లు దాటి బయటికి రాలేదు. అది పెద్ద లోటు. గర్భిణి నెత్తురు పలచబడితే కడుపులో బిడ్డకు ఏమవుతుందన్న విషయంలో ప్రపంచ వైద్యం నేర్చుకున్న పాఠాల్లో చాలా పెద్దది, భివండికి యాభై కిలోమీటర్ల లోపే ఉన్న బొంబాయి బట్టల మిల్లుల ఆడవాళ్ల నుంచి నేర్చుకున్నదే. ఆ పాఠం మందుబిళ్లగా మారి దేశదేశాలు తిరిగింది. ఆ ఆడవాళ్ల కోసమే వచ్చిన చట్టం మాత్రం, మగ్గాలు మిల్లు గోడ దాటి షెడ్లలోకి చేరినప్పుడు వాటి వెంట రాలేదు.

ముందుగా మాయ సంగతి తెలియాలి. గర్భం నిలిచాక పుట్టి, బిడ్డ పుట్టాక రాలిపోయే అవయవం అది. నిండు నెలలకు సుమారు అర కిలో బరువు తూగుతుంది. బిడ్డకు ఊపిరితిత్తులు, పేగులు, మూత్రపిండాలు చేయాల్సిన పనులన్నీ తొమ్మిది నెలలూ మాయే చేస్తుంది. తల్లి నెత్తురు, బిడ్డ నెత్తురు అందులో పక్కపక్కనే పారతాయి కానీ కలవవు. 1754లో లండన్‌లో జాన్ హంటర్ గర్భిణిగా చనిపోయిన ఒక స్త్రీ రక్తనాళాల్లోకి మైనం ఎక్కించి చూసిన పరిశీలనలతో ఈ సంగతి తేటపడింది. ఆయన అన్న విలియం హంటర్ 1774లో అచ్చువేసిన గర్భాశయ చిత్రాల సంపుటి ఆ జ్ఞానాన్ని యూరప్ అంతటికీ చేర్చింది.

ఆ రెండు నెత్తుళ్ల మధ్య పలచని పొర గుండా ప్రాణవాయువు, చక్కెర, ఇనుము, అయోడిన్, తల్లి థైరాయిడ్ హార్మోను బిడ్డలోకి వెళ్తాయి. అవి తగినంతగా వెళ్లాలంటే ముందు తల్లి వైపు దారి వెడల్పు కావాలి. తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయి, అక్కడి మెలికల ధమనులను కండ లేని వెడల్పాటి గొట్టాలుగా మార్చేస్తాయి. సగం గర్భం గడిచేసరికి ఈ పని పూర్తి కావాలి. 1967లో బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ మార్పును వివరించారు. కొందరు గర్భిణుల్లో అది సగంలోనే ఆగిపోతుందని తర్వాత చూపించారు. పూడిక తీయని కాలువ కింద చేనులాగా అప్పుడు మాయకు నెత్తురు చాలదు. పైగా ఇరుకు దారిలో అది ఒత్తిడితో, ఎగుడుదిగుడుగా వస్తుంది. మాయలో కొన్ని భాగాలు చచ్చుబడతాయి. తల్లికి బీపీ పెరుగుతుంది, బిడ్డ ఎదుగుదల మందగిస్తుంది.

నెత్తురు చాలనప్పుడు కడుపులోని బిడ్డ ఒక ఏర్పాటు చేసుకుంటుంది. చేతులకు, కాళ్లకు, పేగులకు, మూత్రపిండాలకు పోయేది తగ్గించి మెదడుకు మళ్లిస్తుంది. పుట్టినప్పుడు ఒళ్లు సన్నగా ఉండి తల మాత్రం మామూలుగా కనిపించే బిడ్డలు ఇలాంటివారే. దీన్ని మెదడుకు పూర్తి రక్షణ అనుకున్న కాలం ఒకటుంది. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఇలా పుట్టిన పిల్లలను బడి వయసు దాకా గమనించిన అధ్యయనాల్లో మాటలు, ఏకాగ్రత, చేతిపని నేర్పులో సగటున కొంత వెనకబాటు కనిపించింది. సగటు అన్న మాటను ఇక్కడ మరవకూడదు. అదే ఇబ్బందిలో పుట్టి చక్కగా చదువుకున్న పిల్లలే ఎక్కువ.

మాయ వడబోతతో ఊరుకోదు, తానే కొన్నిటిని తయారు చేస్తుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, పిండం మెదడు ముందుభాగానికి తొలి దశలో కావలసిన సెరటోనిన్‌ను మాయే తయారుచేసి పంపుతోందని 2011లో తేలింది. తల్లికి జ్వరమొచ్చినా, ఉమ్మనీటి పొరలకు చీము పట్టినా ఈ తయారీ దెబ్బతినవచ్చు. వాపు వల్ల పుట్టే రసాయనాలు బిడ్డ మెదడులోని తెల్లని తంతువులకు హాని చేస్తాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఆ తంతువులు ఇంకా పసివి కాబట్టి వాళ్లకు ప్రమాదం మరీ ఎక్కువ.

బిడ్డ మెదడు దెబ్బ తినేది కాన్పులోనా, అంతకు ముందేనా అన్నది వైద్యంలో పాత తగాదా. 1861లో లండన్‌లో విలియం లిటిల్ అనే వైద్యుడు, కాళ్లూచేతులూ బిగిసిపోయిన పిల్లల దుస్థితికి కష్టకాన్పు, పుట్టగానే ఊపిరి అందకపోవడం కారణమని చెప్పాడు. మనస్తత్వ శాస్త్రంతో పేరుపొందడానికి ముందు నరాల వైద్యుడిగా పనిచేసిన సిగ్మండ్ ఫ్రాయిడ్ 1897లో దీన్ని తిరగేశాడు. కాన్పు కష్టం కావడమే చాలాసార్లు కడుపులో అంతకు ముందే ఏదో జరిగిందనడానికి గుర్తు కావచ్చన్నాడు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, అమెరికాలో 1959 నుంచి 1966 దాకా నమోదైన సుమారు యాభై వేల గర్భాల వివరాలను వడపోసినప్పుడు ఫ్రాయిడ్ వైపే మొగ్గు కనిపించింది. కాన్పులో ఊపిరాడకపోవడం మాత్రమే కారణమైన కేసులు కొద్ది. ఎక్కువ కథ అంతకు ముందరి నెలల్లో నడుస్తుంది.

నేత ఇళ్లలో పురుడు పోసే మంత్రసానులకు మాయ మీద ఎంతో శ్రద్ధ. మాయ పడేదాకా కాన్పు అయినట్టు లెక్క కాదు. పడిన మాయను జాగ్రత్తగా పాతిపెట్టేవారు. దేశంలో చాలాచోట్ల మాయ పడేదాకా బొడ్డు కోసేవారు కాదు, బిడ్డ చప్పుడు చేయకపోతే మాయకు వెచ్చదనం తగిలించి చూసేవారు. బొడ్డు కోయడం ఆలస్యం చేస్తే మాయలో మిగిలిన నెత్తురు బిడ్డకు చేరి, తొలి నెలలకు సరిపడా ఇనుము నిల్వ ఉంటుందని ఇప్పుడు తెలిసింది. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ ఒక్క విషయంలో పాత పద్ధతి గొప్పది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని గర్భిణి అన్నం తగ్గించడం మాత్రం అంతే పాత పద్ధతి, అంతే హానికరం. నెత్తురు తక్కువైన ఆడవాళ్లకు మట్టి మీద, బలపాల మీద మనసు పోవడాన్ని ఇంట్లోవాళ్లు వేవిళ్ల కోరికగా సరిపెట్టుకున్నారు. అది ఒంట్లో ఇనుము కొరతకు గుర్తుగా తెలిసింది చాలా తర్వాత.

1920లలో బొంబాయి నూలు మిల్లుల కూలీల్లో సుమారు ఐదో వంతు ఆడవాళ్లు. వాళ్లు ఎక్కువగా వైండింగు, రీలింగు ఖాతాల్లో, అంటే దారం చుట్టే పనిలో ఉండేవారు. తెలుగువాళ్లు అప్పటికే ఆ నగరంలో పాతకాపులు. నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్లే కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. పద్మశాలీ నేతగాళ్లు మిల్లు మగ్గాల మీద చేరారు. 1922లో ప్రభుత్వ లేబర్ ఆఫీసు తరఫున బార్న్స్ అనే లేడీ డాక్టరు మిల్లు ఆడవాళ్ల కాన్పుల గురించి నివేదిక ఇచ్చింది. నొప్పులు వచ్చే దినం దాకా మిల్లుకు వెళ్లడం, కాన్పైన కొద్ది వారాలకే తిరిగి పనిలో చేరడం, పనికి పోయే ముందు పసిబిడ్డ పడుకోవడానికి నల్లమందు కలిపిన గోళీ వేయడం ఆమె చూసింది. ఆ గోళీ వేసిన తల్లులను తప్పుపట్టడం తేలిక. బిడ్డను చూసుకునే మనిషి లేని ఒంటిగది ఇంట్లో వాళ్లకు మరో దారి ఉండేది కాదు.

మిల్లుల నడుమనే, పరేల్‌లో, 1926లో నౌరోస్‌జీ వాడియా ప్రసూతి ఆసుపత్రి తెరిచారు. కట్టించింది మిల్లు యజమానులైన వాడియా కుటుంబమే. 1928లో మిల్లు ఆడవాళ్లకు కాన్పు సెలవు, భత్యం ఇవ్వాలన్న బిల్లు బొంబాయి శాసనమండలికి వచ్చింది. ఆ ఏడాది జులై 28న అంబేడ్కర్ దానిని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి ఉండటం దేశానికి అవసరమనీ, ఆమె పనివల్ల లాభపడే యజమాని ఆ ఖర్చులో పాలు పంచుకోవాలనీ ఆయన వాదన. 1929లో బొంబాయి ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టాల్లో అదే మొదటిది. దాని తర్వాతి ఫలితం చేదుగా ఉంది. రాత్రి పని నిషేధం, యంత్రాల మార్పు, భత్యం భారం అన్నీ కలిసి మిల్లులు ఆడవాళ్లను కొద్దికొద్దిగా తగ్గించుకున్నాయి. కొన్ని దశాబ్దాలకు మిల్లుల్లో వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలారు. చట్టం తప్పు కాదది. భత్యం ఖర్చును ఒక్క యజమాని నెత్తిన పెట్టకుండా అందరూ పంచుకునే ఏర్పాటు చేయకపోవడం తప్పు.

ఆ రోజుల్లోనే మార్గరెట్ బాల్ఫర్ అనే డాక్టరు బొంబాయిలో తల్లుల మరణాల మీద విచారణ నడుపుతోంది. తల్పడే అనే సహరచయితతో కలిసి మిల్లు ఆడవాళ్ల ప్రసూతి పరిస్థితుల గురించి ఆమె 1930లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసింది. గర్భిణుల్లో ఒక రకం పాండురోగం విపరీతంగా ఉండటం ఆ విచారణలో తేలింది. నెత్తురులో కణాలు తక్కువ, ఉన్నవి మామూలుకంటే పెద్దవి. కాన్పు దగ్గరపడే కొద్దీ ముదిరి, చాలామందిని పొట్టన పెట్టుకుంది. దీని సంగతి తేల్చడానికి ఇంగ్లండ్ నుంచి లూసీ విల్స్‌ను పిలిపించారు. 1888లో పుట్టిన విల్స్ 1928లో బొంబాయి చేరి హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పని మొదలుపెట్టింది.

ఆమె పద్ధతి నిదానమైనది. జబ్బు అంటువ్యాధి కాదని ముందు తేల్చుకుంది. తర్వాత ఎవరికి వస్తోందో చూసింది. పళ్లు, కూరగాయలు, పాలు, మాంసం ఎరగని పేద ఇళ్ల ఆడవాళ్లకు వస్తోంది. బట్టల మిల్లుల కూలీ గర్భిణులు ఆమె రోగుల్లో ముఖ్యులు. ఎలుకలకు, కోతులకు అలాంటి తిండే పెట్టి చూసింది. పరిశోధనలో కొంత భాగం నీలగిరుల్లోని కూనూరులో, అక్కడి పోషకాహార పరిశోధన సంస్థలో జరిగింది. కాలేయపు సారం పనిచేస్తుంది గానీ దాని ధర పేదలు భరించలేరు. చౌకగా దొరికే ఈస్టు సారం, మార్మైట్ పేరుతో అంగళ్లలో అమ్మేది, ఇచ్చి చూసింది. కొద్ది రోజుల్లోనే నెత్తురు పుంజుకోవడం, లేవలేని ఆడవాళ్లు లేచి కూర్చోవడం కనిపించింది. 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితం అచ్చయింది. అందులోని పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అన్నారు.

1941లో అమెరికా పరిశోధకులు టన్నుల కొద్దీ పాలకూర నుంచి ఆ పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే సంస్థలో భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. 1895లో పుట్టిన సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో పేరు తెచ్చుకుని, 1940లో లెడర్లేలో చేరాడు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో చిన్నవయసులోనే పోయారు. నెత్తురు పలచబడటం ఆ జబ్బులో ఒక లక్షణం, ఫోలిక్ యాసిడ్ దానికి మందు. 1945 నాటికి ఫోలిక్ యాసిడ్ మాత్రగా తయారైంది. బొంబాయి మిల్లు ఆడవాళ్ల దగ్గర మొదలైన వెతుకులాట పదిహేనేళ్లలో ఒక తెలుగు శాస్త్రవేత్త చేతిలో ముగిసిందన్నది తెలుగు పాఠ్యపుస్తకాల్లో నేర్పాల్సిన విషయం.

పిండం మెదడుతో దీని బంధం మరో వైపు నుంచి బయటపడింది. సుబ్బారావు బృందమే ఫోలిక్ యాసిడ్‌కు ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. 1948లో సిడ్నీ ఫార్బర్ దాన్ని పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడాడు. 1952లో థియర్ష్ అనే వైద్యుడు ప్రాణాపాయంలో ఉన్న గర్భిణులకు గర్భం తొలగించడానికి అదే మందు వాడినప్పుడు, కొన్ని పిండాల్లో తల, మెదడు సరిగా ఏర్పడకపోవడం కనిపించింది. అంటే ఫోలిక్ యాసిడ్ పని ఆగితే మెదడు అల్లిక చెడుతోంది. 1965లో లివర్‌పూల్‌లో ఎలిజబెత్ హిబ్బర్డ్, రిచర్డ్ స్మిథెల్స్ వెన్నెముక, తల మూసుకోని బిడ్డల తల్లుల్లో ఫోలేట్ లోపాన్ని చూపించారు. ఏడు దేశాల్లో 33 ఆసుపత్రుల్లో జరిగిన బ్రిటిష్ అధ్యయనం 1991లో తేల్చింది: అలాంటి బిడ్డను ఒకసారి కన్న తల్లులకు మరుసటి గర్భానికి ముందునుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్లీ అలా జరిగే ప్రమాదం 72 శాతం తగ్గింది.

ఇక్కడ కాలం లెక్క ముఖ్యం. మెదడుకూ వెన్నుకూ మూలమైన నాడీ గొట్టం గర్భం నిలిచిన ఇరవై ఎనిమిది రోజుల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిన సంగతి చాలామందికి అప్పటికి ఇంకా రూఢి కాదు. మూడో నెలలో పేరు రాయించుకుని మాత్రలు మొదలుపెట్టే ఆడమనిషికి ఆ మాత్రలు నెత్తురు పెంచుతాయి, మాయకు బలమిస్తాయి. ఆ గొట్టం విషయంలో మాత్రం సమయం దాటిపోయి ఉంటుంది.

కూనూరు సంస్థ 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ లీలా అయ్యంగార్ 1960, 70లలో పేద గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ ఎంత కావాలో, అది ఇస్తే బిడ్డల బరువు ఎలా మారుతుందో, బరువు తక్కువ బిడ్డల మాయ ఎలా ఉంటుందో పరిశోధించారు. 1970లో ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రలను గర్భిణులకు ఉచితంగా పంచే జాతీయ కార్యక్రమం మొదలైంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత కనిపించింది.

ఇనుము కొరత మెదడును ఎలా తాకుతుందో ఇప్పుడు బాగానే తెలుసు. తల్లి నుంచి వచ్చే ఇనుము చాలకపోతే మాయ దాన్ని లాక్కునే ద్వారాలను పెంచుకుని, ఉన్నంతలో బిడ్డకు ఎక్కువ పంపాలని చూస్తుంది. అదీ చాలనప్పుడు బిడ్డ ఒంట్లో ఇనుము ముందుగా ఎర్ర కణాలకు పోతుంది, మెదడు వంతు తర్వాత వస్తుంది. అందుకే పుట్టిన బిడ్డకు రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా, జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌కు, నరాల మీద కొవ్వు పొర ఏర్పడటానికి ఇనుము చాలక ఉండవచ్చు. ఆ కొరత పుట్టాక మందు వేసినా పూర్తిగా తీరుతుందన్న నమ్మకం లేదు.

పల్లెల్లో గుర్రపువాతం అనే జబ్బు మాయ నుంచే పుడుతుంది. ఏడో నెల, ఎనిమిదో నెల వచ్చేసరికి కాళ్లూ ముఖమూ ఉబ్బడం, తలనొప్పి, కళ్లు మసకబారడం, ఆపైన మూర్ఛ. ఇరుకు దారుల మాయ తల్లి నెత్తురులోకి విడిచే పదార్థాలు ఆమె రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. మద్రాసులో కృష్ణ మేనన్ 1961లో ప్రచురించిన మత్తుమందుల మేళవింపు పద్ధతి చాలాకాలం భారతదేశపు ఆసుపత్రుల్లో నడిచింది. 1995లో భారత్‌తో సహా పలు దేశాల్లో జరిగిన పరీక్షలో మెగ్నీషియం సల్ఫేట్ మిగిలిన మందులను దాటిపోయింది. ఖరీదు లేని ఉప్పు అది. తర్వాత అదే మందు, నెలలు నిండకుండా కాన్పు కాబోయే తల్లికి ముందుగా ఇస్తే బిడ్డకు మెదడు పక్షవాతం వచ్చే ప్రమాదం తగ్గుతుందని తెలిసింది. జబ్బుకు అసలు మందు మాయ బయటికి రావడమే కాబట్టి, బిడ్డను ఎప్పుడు తీయాలన్నది డాక్టరుకు ప్రతిసారీ కత్తిమీద సాము. తొందరపడితే నెలలు నిండని మెదడు, ఆలస్యమైతే ఆకలిగొన్న మెదడు. బీపీ ప్రతి నెలా చూసిన చోట ఈ తూకం వేయడానికి వ్యవధి ఉంటుంది. మూర్ఛతో ఆటోలో వచ్చిన మనిషికి ఉండదు.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన బొంబాయి మిల్లు సమ్మె చాలా మిల్లులకు చావుదెబ్బ అయింది. ఆ బట్ట నేత భివండి, మాలేగావ్, ఇచల్‌కరంజి లాంటి మరమగ్గాల ఊళ్లకు పాకింది. మిల్లుల్లో ఎనిమిది గంటల షిఫ్టు, ఈఎస్ఐ కార్డు, యూనియన్ ఉండేవి. సాంచాల షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు, నేసిన మీటరుకు కూలి. సాంచాల మీద మగవాళ్లు ఉంటారు. కండెలు చుట్టడం, దారాలు తెంపడం, బట్ట మడతపెట్టడం ఆడవాళ్ల పని. అంటే వైండింగు ఖాతాలో మిల్లు ఆడవాళ్లు చేసిన పనే పేరు మారి, గేటు లేని చోటుకు వచ్చింది. సోలాపూర్‌లోనూ తెలంగాణ నేత పట్టణాల్లోనూ పద్మశాలీ ఆడవాళ్లు బీడీలు చుడతారు. పొగాకు దుమ్ములోని నికోటిన్ ముక్కు నుంచీ చర్మం నుంచీ ఒంట్లోకి చేరుతుంది, మాయ దాటి బిడ్డను తాకుతుంది.

రేకుల కింద వేడి మరో సంగతి. తమిళనాడులో సుమారు 800 మంది పనిచేసే గర్భిణులను గమనించిన ఒక అధ్యయనం, ఎక్కువ వేడిలో పనిచేసేవారికి గర్భస్రావం ప్రమాదం రెండింతలని 2024లో చూపించింది. ఒంటి వేడి పెరిగితే నెత్తురు చర్మం వైపు పరుగెడుతుంది, గర్భసంచికి వెళ్లేది తగ్గుతుంది. పొగ కూడా మాయ దాకా చేరుతుంది. గర్భిణులు పీల్చిన నల్లని మసి రేణువులు మాయలో బిడ్డ వైపున కనిపించాయని 2019లో బెల్జియం పరిశోధకులు ప్రకటించారు. అద్దకం బాయిలర్లు, లారీలు కిక్కిరిసిన ఊరికి ఈ వార్త దూరపుది కాదు.

భివండి తెలుగు ఇళ్లలో తొలిచూలు కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఐదో నెల, ఏడో నెల దాటాక కరీంనగర్‌కో సిరిసిల్లకో రాత్రంతా బస్సు ప్రయాణం చేసి పిల్ల తల్లిగారింటికి వెళ్తుంది. ఆచారంలో మేలు ఉంది. అక్కడ తిండి దొరుకుతుంది, పనినుంచి విడుపు దొరుకుతుంది. చిక్కు ఏమిటంటే తొలి సగం పరీక్షలు ఒక రాష్ట్రంలో, మలి సగం ఇంకో రాష్ట్రంలో. నాలుగో నెలలో బీపీ ఎంత ఉండేదో తెలిస్తేనే ఎనిమిదో నెల అంకె పెరిగిందో లేదో చెప్పగలరు. భివండిలో మరాఠీలో రాసిన కార్డు ఇంట్లోనే మర్చిపోతే ఆ ఆధారం పోయినట్టే. 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పథకం మొదలుపెట్టి, సర్కారు దవాఖానలో కాన్పైతే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చింది. దాంతో పుట్టింటి కాన్పుకు డబ్బు ఊతం కూడా చేరింది. మంత్రసాని నుంచి దవాఖానకు మారడానికి ఆ డబ్బు బాగా పనికొచ్చింది. తొలి మూడు నెలల లోటు మాత్రం ఊరు మారినా తీరేది కాదు.

ఆ తొలి నెలల మీదే మహారాష్ట్ర పరిశోధకులు గట్టిగా దృష్టి పెట్టారు. పుణె కేఈఎం ఆసుపత్రిలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి ఆరు పల్లెల తల్లులనూ పిల్లలనూ గమనిస్తూ వచ్చింది. గర్భంలో ఉండగా తల్లికి బీ12 బాగా తక్కువగా ఉన్న పిల్లలు, తొమ్మిదేళ్ల వయసులో ఏకాగ్రత, జ్ఞాపక పరీక్షల్లో వెనకబడ్డారు. ముంబై మురికివాడల్లో 2006 నుంచి 2012 దాకా రమేశ్ పోత్దార్, కెరొలిన్ ఫాల్ బృందం పిల్లలు కావాలనుకుంటున్న 6,500 మందికి పైగా ఆడవాళ్లతో ఒక ప్రయోగం చేసింది. ఆకుకూరలు, పళ్లు, పాలు కలిపి వీధి తినుబండారంలా చేసిన ఫలహారం రోజూ పెట్టారు. మొత్తం మీద బిడ్డల బరువు అంతగా పెరగలేదు. గర్భానికి కనీసం మూడు నెలల ముందునుంచి తిన్నవారిలో మాత్రం సగటున 48 గ్రాములు పెరిగింది. గర్భిణుల మధుమేహం 12.4 శాతం నుంచి 7.3 శాతానికి తగ్గింది. లూసీ విల్స్ 1930 నాటికే పళ్లు, కూరలు అని రాసిన చోటికే ఎనభై ఏళ్ల తర్వాత శాస్త్రం తిరిగి వచ్చింది, ఈసారి గడియారంతో.

చట్టం వైపు కథ ఇలా నడిచింది. 1929 బొంబాయి చట్టం స్ఫూర్తితో వచ్చిన రాష్ట్రాల చట్టాల స్థానంలో 1961లో కేంద్ర ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017 సవరణతో జీతంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. కరెంటుతో నడిచే చోట పది మంది పనిచేస్తేనే ఫ్యాక్టరీ అని 1948 ఫ్యాక్టరీల చట్టం లెక్క వేసింది. భివండి షెడ్లలో ఒక్కొక్కటీ కొద్దిపాటి సాంచాలతో, వేర్వేరు పేర్లతో, ఆ పది అంకెకు లోపలే ఉంటూ వచ్చాయి. వాటిలో కండెలు చుట్టే ఆడమనిషికి మస్టరు లేదు, యజమాని కాగితం లేదు, 26 వారాలు లేవు. కాన్పు పేరిట ఆమెకు అందేవి ప్రభుత్వ పథకాల డబ్బులే. 2005 నాటి జననీ సురక్ష యోజన సొమ్ము, 2017లో మొదలైన మాతృ వందన యోజన కింద తొలి బిడ్డకు 5,000 రూపాయలు. 1928లో బొంబాయి శాసనమండలిలో యజమాని పాలు గురించి జరిగిన చర్చ ఆ షెడ్ల దాకా రానేలేదు.